“నేను కుక్కను” అని మొదలుపెడితే కుక్క కథ అయిపోతుందా?

పిల్లల చేత కథలు రాయించడం మీద మీరు అడిగే ప్రశ్నలకి ఈ పేజీలో జవాబులు ఇస్తున్నాను కదా, పోయిన నెల “ఈసారి జంతువు వైపు నుంచి రాయించి చూడండి” అని చివర్లో ఒక్క మాట అన్నానో లేదో విజయవాడ, గుంటూరు నుంచి బోలెడన్ని ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు వచ్చాయి. అన్నీ చదివాను. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబు.

ప్రశ్న: మేడం గారూ, మాది గుంటూరు బ్రాడీపేట. మా బాబు నాలుగో తరగతి. స్కూల్లో ‘కుక్క ఆత్మకథ’ రాసుకురమ్మన్నారు. వాడు ఇలా రాశాడు: ‘నేను కుక్కను. నాకు నాలుగు కాళ్లు, ఒక తోక ఉంటాయి. నేను విశ్వాసం గల జంతువును. నేను ఇంటికి కాపలా కాస్తాను. మీరందరూ నన్ను ప్రేమగా చూడాలి.’ మిస్ గుడ్ పెట్టి స్టార్ కూడా వేశారు. నాకు మాత్రం చదువుతుంటే ఏదో వెలితిగా ఉంది, అదేంటో చెప్పడం తెలీట్లేదు. – ఒక అమ్మ

జవాబు: అమ్మా, మీకు అనిపించింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. అది కుక్క గురించి రాసిన వ్యాసం, అందులో ‘అది’ తీసేసి ‘నేను’ పెట్టాడు, అంతే. బాబు తప్పేం లేదు, ఆత్మకథ అంటే అదే అని మనమే నేర్పాం, చెట్టు ఆత్మకథ అయినా నది ఆత్మకథ అయినా పరీక్షల్లో అలా రాస్తేనే మార్కులు పడతాయి. కానీ ఏ కుక్కా పొద్దున్నే లేచి ‘నాకు నాలుగు కాళ్లున్నాయి’ అనుకోదు కదమ్మా, మనం రెండు కాళ్లున్నాయి అనుకుంటూ లేస్తామా? కాల్లో ముల్లు దిగిన రోజు అనుకుంటుంది. ఆ ముల్లు దగ్గర కథ మొదలవుతుంది.

నేను ప్రతి శనివారం సాయంత్రం సత్యనారాయణపురంలో మా ఇంట్లోనే ఒక పది పన్నెండు మంది పిల్లల్ని కూర్చోబెట్టుకుని కథలు రాయిస్తాను. జంతువు కథ అనుకున్న రోజు ముందు పెన్నులు తీసుకుని పక్కన పెట్టేస్తా. అందర్నీ నేల మీద పాకమంటా. పదిహేను నిమిషాలు, హాల్లోంచి వంటింటి దాకా, మంచం కిందా డైనింగ్ టేబుల్ కిందా ఎక్కడికైనా వెళ్లొచ్చు, లేచి నిలబడకూడదు, అంతే రూలు. మొదటి రెండు నిమిషాలు గోల గోల, ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వులు, తర్వాత మెల్లిగా నిశ్శబ్దం అయిపోతారు ఎందుకంటే అప్పుడు వాళ్లకి నిజంగా కనపడటం మొదలవుతుంది. టేబుల్ అడుగున కార్పెంటర్ పెన్సిల్‌తో రాసుకున్న లెక్క కనపడింది ఒకడికి, ఆ టేబుల్ మా ఇంటికొచ్చి ఇరవై ఏళ్లయింది, నేనే ఎప్పుడూ చూళ్లేదు. గ్యాస్ బండ కింద తుప్పు రింగు. ఫ్యాన్ గాలి మంచం కిందికి రాదు, నేల మాత్రం చల్లగా ఉంటుంది. పోపు వాసన పైనుంచి ‘పడుతుంది’ అంది ఒక పాప, ఆ మాట చూశారా, వాసన రావడం కాదు పడటం, కింద ఉన్నవాళ్లకే తెలిసే మాట అది.

ఆ రోజు ఐదో తరగతి బాబు ఒకడు పిల్లి కథ రాశాడు, మొదటి లైన్లు ఇవి: “ఈ ఇంట్లో ఎనిమిది కాళ్లు ఉన్నాయి. ఆరు కాళ్లు నన్ను తంతాయి. రెండు కాళ్లు తన్నవు. ఆ రెండింటికి పసుపు వాసన వస్తుంది.” ఆ రెండు కాళ్లూ మా అత్తయ్య గారివి. అంతకుముందు వారం అదే బాబు ‘పిల్లి ఒక పెంపుడు జంతువు’ అని రాసిచ్చాడు. నేను మధ్యలో పాఠం ఏమీ చెప్పలేదండీ, పాకించాను.

ఇక రెండోది, పేర్లు. కుక్కకి స్కూటర్ అనే మాట తెలీదు, పెట్రోల్ వాసన వేస్తూ వేడిగా ఉండేది, ఎక్కగానే మా వాడు మాయమైపోయేది, మళ్లీ సాయంత్రం అదే చప్పుడు వీధి చివర వినపడగానే తోక దానంతటదే ఊగేది, ఇదీ దానికి తెలిసిన స్కూటర్. బాబుని ఇంట్లో ఉన్న మూడు వస్తువుల గురించి వాటి పేరు చెప్పకుండా చెప్పమనండి. ఫ్రిజ్, కుక్కర్, కాలింగ్ బెల్. ఆటలా ఉంటుంది, మీరు కనిపెట్టాలి. రెండు రోజులు ఆడితే చాలు, మూడో రోజు వాడి వాక్యాలు మారతాయి చూడండి.

మూడోది మన తెలుగులోనే ఉన్న మంచి తమాషా. గ్రామర్‌లో మహద్వాచకం అమహద్వాచకం అని చదువుకున్నాం కదా, మనం మనిషిని ‘వాడు వచ్చాడు’ అంటాం, కుక్కని ‘అది వచ్చింది’ అంటాం. మరి కథ చెప్పేది కుక్కే అయినప్పుడు? పక్క వీధి కుక్క దానికి ‘వాడు’ అవుతుంది, మనమే ‘అది’ అయిపోతాం. ‘పక్క వీధి నల్లోడు వచ్చాడు. రెండు కాళ్లది కర్ర తీసుకుని వచ్చింది.’ ఇలా రాసుకొచ్చింది ఆరో తరగతి పిల్ల. నేను ఆ కాగితం పట్టుకుని చాలాసేపు అలా ఉండిపోయాను. ఒక్క ‘అది’ ని అటు నుంచి ఇటు మార్చితే లోకం మొత్తం తిరగబడిపోయింది. మన భాషలో పుట్టిన పిల్లలకి చేతికందే పనిముట్టు ఇది, వాడనివ్వండి. అలాగే ‘భౌ భౌ అన్నాను’ అని రాస్తే ఆపి అడగండి, కుక్క తనని తాను భౌ భౌ అన్నాననుకుంటుందా? ‘ఎవర్రా అక్కడ!’ అన్నాననుకుంటుంది.

నిజమైన సంగతులు కూడా ఒకటో రెండో చెప్పండి, ఎక్కువొద్దు. కుక్కకి నీలం, పసుపు బాగా తెలుస్తాయి కానీ ఎరుపూ ఆకుపచ్చా మనలా విడివిడిగా తెలీవు, గడ్డిలో పడిన ఎర్ర బంతిని అది కంటితో కంటే ముక్కుతోనే వెతుక్కుంటుంది. పిల్లికి తీపి రుచే తెలీదు, నాలుక మీద తీపిని పట్టే ఏర్పాటు దానికి పనిచేయదు, కాబట్టి కథలో పిల్లి గులాబ్ జామూన్ దొంగతనం చేస్తే తీపి కోసం మాత్రం కాదు. ఇంట్లో తిరిగే బల్లికి కంటి రెప్పలు ఉండవు, నాలుకతోనే కళ్లు తుడుచుకుంటుంది. ఈ బల్లి సంగతి చెప్తే చాలు పిల్లలు ఆ పూటకే బల్లి కథ రాస్తామంటారు.

చివరిగా, ఆ రోజు ఆ కుక్కకి ఏం కావాలి అని అడగండి. విశ్వాసం కాదు, ప్రేమా కాదు, చేత్తో పట్టుకునేది ఏదైనా. మే నెల మధ్యాహ్నం మీ బ్రాడీపేటలో దానికి కావాల్సింది బోరింగ్ పక్కన తడి మట్టి, ఆ తడి మట్టిలో ఇప్పటికే ఇంకో కుక్క పడుకునుంది. చూడండి, కథ దొరికేసింది.

ప్రశ్న: మేడం, నేను గుంటూరు దగ్గర గవర్నమెంట్ హైస్కూల్లో తెలుగు టీచర్ని. ఆరో తరగతిలో 42 మంది. పీరియడ్ 40 నిమిషాలు. మీరు చెప్పేవి పది మందికి బాగానే ఉంటాయి, మా క్లాసులో అందరూ పాకితే హెడ్మాస్టర్ గారు నన్ను బయటికి పాకిస్తారు. ఏదైనా కుదిరే పద్ధతి చెప్పండి.

జవాబు: కుదురుతుంది మాస్టారూ. ఒకే ఒక్క సంఘటన ఇవ్వండి, మధ్యాహ్న భోజనం దగ్గర ఒక బాబు ప్లేట్లోంచి గుడ్డు జారి మట్టిలో పడింది. క్లాసుని నాలుగు భాగాలు చేసి కాకి, కుక్క, చీమ, పిల్లి అని పంచండి. ముందు రాయొద్దు, అయిదు నిమిషాలు గుంపులో మాట్లాడుకోనివ్వండి, తర్వాత ఒక్కొక్కరు అయిదే అయిదు వాక్యాలు. జంతువు పేరు ఎక్కడా రాయకూడదు. అవతలి గుంపు వాళ్లు విని ఎవరో చెప్పాలి. చెప్పలేకపోతే ఎక్కడ మనిషిలా రాశామో పిల్లలకే తెలిసిపోతుంది, మీరు తప్పు పట్టాల్సిన పని లేదు.

ఒక్కో గుంపుకి ఒక్కో సంగతి చెవిలో వేయండి. కాకి మనుషుల మొహాలు గుర్తుపెట్టుకుంటుంది, అమెరికాలో మాస్కులు పెట్టుకుని కాకుల్ని పట్టి వదిలితే తర్వాత ఏళ్ల తరబడి ఆ మాస్కు కనపడితే చాలు అవి అరిచి గోల చేశాయి, కాబట్టి మీ స్కూల్ కాకికి రాయి విసిరే వాడెవడో తెలుసు. చీమకి గుడ్డు కనపడదు, ముందు వెళ్లిన చీమ వదిలిన వాసన గీత మీద నడుస్తుంది, వేలితో ఆ గీతని అడ్డంగా తుడిచేస్తే కాసేపు తికమక పడతాయి, ఇది గోడ దగ్గర నిజంగానే చేసి చూపించొచ్చు, రెండు నిమిషాల పని. మొదటి రోజు అక్షర దోషాలకి ఎర్ర పెన్ను తీయకండి, మాస్టారూ. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడికీ పోవు, వచ్చే వారం దిద్దుకోవచ్చు.

ఏడాదికోసారి పిల్లల్ని బయటికి తీసుకెళ్లే అవకాశం ఉంటే ఉప్పలపాడు దగ్గర్లోనేగా, అక్కడి చెరువు చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుంటాయి. ఎర్రకాళ్ల కొంగ వేట దగ్గర్నుంచి చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. ముక్కు సగం తెరిచి నీళ్లలో పెట్టి నడుస్తుంది, బురద నీళ్లలో చేప కంటికి కనపడక్కర్లేదు, ముక్కుకి తగిలిందా టప్‌మని మూసేస్తుంది. మీ పిల్లల్ని కళ్లు మూసుకుని బకెట్ నీళ్లలో చెయ్యి పెట్టి గులకరాయి పట్టుకోమనండి, తర్వాత కొంగ కథ రాయమనండి.

ప్రశ్న: అమ్మా, నాకు 74 ఏళ్లు, విజయవాడ వన్‌టౌన్. మా రోజుల్లో జంతువుల కథ అంటే చివర్న నీతి ఉండేది. మా మాస్టారు నీతిచంద్రిక కంఠతా పట్టించారు. ఇప్పుడు మా మనవరాలు మీ పత్రిక చూసి బల్లి కథ రాసింది, అందులో బల్లి గోడ ఎక్కింది, పురుగుని తింది, పడుకుంది. నీతి ఏదమ్మా అంటే లేదు తాతయ్యా అంటోంది. దీని వల్ల ఏం ప్రయోజనం?

జవాబు: బాబాయి గారూ, నమస్కారం. చిన్నయసూరి గారు 1853లో వేసిన నీతిచంద్రిక మాకూ అభిమానమే, మిత్రలాభం మిత్రభేదం చదవకుండా తెలుగు చెప్పేదాన్ని అయ్యేదాన్ని కాదు. కానీ అందులో కరటకుడూ దమనకుడూ నక్కల వేషంలో ఉన్న మంత్రులండీ, రాజుగారి కొలువులో మనుషులు ఎలా ఉంటారో చెప్పడానికి సూరి గారికి ఆ వేషం కావాలి. అది ఒక రకం కథ. మీ మనవరాలిది ఇంకో రకం, అందులో బల్లి నిజంగా బల్లే. రెండూ ఉండాలి, ఒకదాని బదులు ఇంకోటి కాదు.

మీరొక పని చేయండి, నాకు తెలిసి మీకంటే బాగా ఎవరూ చేయలేరు. నీతిచంద్రికలో పావురాల రాజు చిత్రగ్రీవుడి కథ మీ పద్ధతిలోనే చెప్పండి, పావురాలన్నీ కలిసి వలతో పాటు ఎగిరిపోవడం దాకా. తర్వాత మనవరాల్ని అడగండి, నువ్వు రాజువి కాదు, ఆ గుంపులో చిట్టచివర ఎగురుతున్న చిన్న పావురానివి, నేల మీద నూకలు కనపడ్డాయి, వల ఎందుకు కనపడలేదు? ఎగరమన్నారు, నీ కాలు ఒక్కటే ఇరుక్కుంది, పక్కవాడి రెక్క నీ మొహానికి కొడుతోంది, అప్పుడెలా ఉంది? అందరూ కలిసి ఎగరడం ఎంత కష్టమో ఆ పిల్లకి రెక్కల్లో తెలుస్తుంది. మీరు చెప్పాలనుకున్న ఐకమత్యం అదే కదండీ.

ఇంకో మాట, మన గుంటూరు జిల్లా జాషువా గారు 1941లో గబ్బిలం రాశారు, మనుషులు వినని తన బాధని ఒక మనిషి గబ్బిలానికి చెప్పుకుంటాడు. ఆ సంగతి మా పిల్లలకి చెప్తే ఏడో తరగతి పాప ‘మరి గబ్బిలం ఏమనుకుంది మేడం?’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు, నువ్వే రాయి అన్నాను. ఇళ్లల్లో తిరిగే చిన్న గబ్బిలాలు చీకట్లో అరిచి, ఆ అరుపు గోడకి తగిలి తిరిగొచ్చిన దాన్నిబట్టి దారి పోల్చుకుంటాయి. ఆ పాప ఇలా రాసింది: ‘నా అరుపు గోడకి తగిలి వెనక్కి వస్తుంది. ఈయన మాటలు ఎవరికీ తగిలి వెనక్కి రావట్లేదు.’ పన్నెండేళ్ల పిల్ల, బాబాయి గారూ.

ప్రశ్న: ఆంటీ, నేను గుంటూరు, ఏడో తరగతి. నా కథలో ఒక చిలక మిర్చి యార్డుకి వెళ్లి టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో దూరి మిరపకాయలు తిని కారానికి ఏడుస్తూ నీళ్ల కోసం ఊరంతా తిరుగుతుంది. మా అన్నయ్య చిలకలకి కారం తెలీదు నీ కథ తప్పు అని నవ్వాడు. నిజమా? నా కథ పాడైపోయిందా?

జవాబు: మీ అన్నయ్య చెప్పింది నిజమే బంగారం, కానీ నీ కథ పాడవలేదు, ఇప్పుడే అసలు కథ మొదలైంది! మిరపకాయలో మంట పుట్టించేది క్యాప్సైసిన్ అనే పదార్థం. మనకీ, కుక్కలకీ, ఎలకలకీ అది తగిలితే నోట్లో నిప్పు పడ్డట్టు నరాలు కబురు పంపిస్తాయి, పక్షుల్లో ఆ కబురు అందుకునే చోటు దీనికి పలకదు. అందుకే చిలక తేజ రకం కాయ కూడా జామకాయ తిన్నట్టు తినేస్తుంది. మిరప మొక్కకి కూడా అదే కావాలి, ఎలకలు గింజల్ని నమిలేస్తాయి, పక్షులు మింగి దూరంగా ఎక్కడో వేస్తాయి, అక్కడ మళ్లీ మొలకెత్తుతుంది.

ఇప్పుడు నీ చిలక వైపు నుంచి చూడు. ఫిబ్రవరి మార్చిలో యార్డులోకి వస్తే లక్ష టిక్కీలు, అంతా ఎరుపు, చిలకలకి రంగులు మనకంటే బాగా తెలుస్తాయి కాబట్టి ఆ ఎరుపు దానికి ఎలా ఉంటుందో ఊహించు. హమాలీలందరూ మొహానికి తువ్వాలు కట్టుకుని దగ్గుతున్నారు, లారీ డ్రైవర్ తుమ్ముతున్నాడు, గేటు దగ్గర కుక్క ముక్కు నేలకి రుద్దుకుని పారిపోతోంది. చిలకకి ఏమీ అర్థం కాదు. ఇంత మంచి తిండి మధ్యలో ఉండి వీళ్లందరూ ఎందుకు ఏడుస్తున్నారు? ఈ ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టి రాసి నాకు పంపు, అన్నయ్యకి కూడా చదివి వినిపించు, వాడి వల్లే కదా దొరికింది. ఇంకొకటి, కథ కోసమని చిలకని పంజరంలో పెట్టి చూడాలనుకోకు, మన రామచిలకల్ని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, గోడ మీద వాలినప్పుడు చూస్తే చాలు.

ప్రశ్న: మా వాడు ఫోన్‌లో యాప్‌ని అడిగి కథ తెప్పించి కాపీ చేస్తున్నాడు. చూడ్డానికి తప్పుల్లేకుండా నీట్‌గా ఉంటోంది. ఏం చేయమంటారు? – పటమట

జవాబు: తిట్టకండి. మీ వీధి కుక్కకి ఏ చెవి చిరిగింది, మధ్యాహ్నం ఎవరి కారు కింద పడుకుంటుంది, ఏ ఇంటి గేటు దగ్గర ఆగకుండా పరిగెత్తుతుంది అని అడగండి. అరగంట బాల్కనీలో కూర్చుని చూసి రావాలి, దగ్గరికెళ్లి ముట్టుకోకూడదు. అవి యాప్‌కి తెలీవు, వాడు చూశాడు కాబట్టి వాడికి మాత్రమే తెలుసు, ఆ సంగతి వాడికి అర్థమైతే ఫోన్ దానంతటదే పక్కకి పోతుంది.

ప్రశ్న: మేడం, మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ వరదలో మా కింద పోర్షన్ మొత్తం మునిగిపోయింది, రోజుల తరబడి మేడ మీదే ఉన్నాం. మా వీధిలో అందరూ అన్నం పెట్టే కుక్క ఒకటి ఉండేది, ఆ రోజు నుంచి కనపడలేదు. మా బాబుకి ఇప్పుడు పదేళ్లు. కుక్క కథ రాయమంటే ఆ కుక్కనే ‘నేను’ అని రాస్తున్నాడు. నీళ్లొచ్చే దాకా రాసి ఆపేశాడు, మూడు వారాలుగా ఆ నోట్‌బుక్ తీయడం లేదు. బోటులో ఎవరో కాపాడినట్టు రాసేయ్ నాన్నా అన్నాను, నా వైపు చూసి వెళ్లిపోయాడు. నేను తప్పు చేశానా?

జవాబు: తప్పు కాదు తల్లీ, అమ్మ అలాగే అంటుంది. కానీ వాడు ఆ మేడ మీద నుంచి అంతా చూశాడు, బుడమేరు వాగు నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో, బోట్లు ఎవరి దగ్గర ఆగాయో ఎవరి దగ్గర ఆగలేదో, ఆకాశంలోంచి డ్రోన్లు అన్నం పొట్లాలు దింపడం, అన్నీ. అందుకే మనం ఇచ్చే బోటుని వాడు నమ్మడు. ముగింపు మనం ఇవ్వొద్దు.

మధ్యలో ఒక్క చిన్న సంగతి మాత్రం చెప్పండి, ముగింపు గురించి కాదు, కుక్క గురించి. వీధి కుక్కకి తన వీధి అంటే ఇళ్లూ గోడలూ కాదు, వాసనలు. ఈ స్తంభం దగ్గర నేను, ఆ మలుపు దగ్గర వాడు, ఈ గేటు దగ్గర చేపల పులుసు. అన్ని రోజులు నీళ్లు నిలిస్తే ఆ వాసనలన్నీ కొట్టుకుపోతాయి, నీళ్లు తీశాక వీధంతా ఒకటే బురద కంపు. అప్పుడు కుక్క తిరిగొచ్చినా అది తన వీధే అని దానికెలా తెలుస్తుంది? మీ ఇంటి ముందు నుంచే వెళ్లిపోయి ఉండొచ్చు కూడా. ఇది వాడికి చెప్పి ఊరుకోండి, రాయమని అనకండి.

రాస్తే రాస్తాడు. రాయకపోతే ఆ నోట్‌బుక్ పాత పుస్తకాలతో పాటు తూకానికి వేసేయకుండా బీరువాలో పైన పెట్టండి. నీళ్లొచ్చే దాకా రాసిన ఆ పేజీలు నాకు చదవాలని ఉంది, వాడు ఒప్పుకుంటేనే పంపండి.